మూడు నోటు పుస్తకాల్లో లేని మనిషి

డిసెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఒక మిర్చి వ్యాపారి హన్మకొండలోని నా ఆఫీసుకు వచ్చి, చేతి సంచిలోంచి మూడు పొడుగు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. దుకాణాల్లో ఖాతా రాసే ఎర్ర అట్ట పుస్తకాలు. లోపల లెక్కలు లేవు. పదకొండు నెలలుగా రోజూ రాత్రి తనను తాను అడుక్కున్న ప్రశ్నలు, వాటికి రాసుకున్న జవాబులు ఉన్నాయి.

"మేడం, ఒక్క రోజు గూడ ఇడువలే. పండుగ నాడు గూడ రాసిన. మొదట్ల మస్తు ఫాయిదా అనిపించింది. ఇప్పుడు ఏ పేజీ తీసినా ఒక్కటే జవాబు. ఇంక రాయాల్నా, బంద్ జెయ్యాల్నా, అది అడుగుదామని వచ్చిన."

నేను కోచ్‌ని. మన దగ్గర కోచింగ్ అంటే గ్రూప్స్‌కో నీట్‌కో చదివించడం అనే అర్థం. నేను చేసేది అది కాదు. ఎదుటివాళ్ల పనిలో, నిర్ణయాల్లో ఎక్కడ ఆగిపోయారో వాళ్లకే కనబడేలా ప్రశ్నలు అడగడం నా పని. ఈ పని చేసే అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఆ ప్రశ్నలేవో నన్ను నేనే అడుక్కుంటే సరిపోదా?" నాకు ఎదురైనప్పుడల్లా నేను అరకొర జవాబే చెప్పేదాన్ని. ఈయన కేసు వచ్చాకే సూటిగా చెప్పగలుగుతున్నాను. ఎందుకంటే స్వయంగా ప్రశ్నించుకోవడాన్ని ఇంత నిజాయితీగా, ఇన్ని రోజులు చేసిన మనిషిని నేను వేరే చూడలేదు. ఆయన అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. అచ్చుకు ముందు ఆయన చదివి, రెండు చోట్ల సరిచేశాడు.

దుకాణం సంగతి

ఆయనకు నలభై రెండేళ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి దుకాణం. తండ్రి పెట్టింది. తండ్రి పోయి మూడేళ్లయింది. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు, దుకాణంలోకి రాడు.

ఆ వ్యాపారం తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి రైతు బస్తాలు తెస్తాడు. అడ్తిదారు వాటిని యార్డులో పెట్టించి, కొనేవాళ్లకు చూపించి, కాంటా అయ్యాక తక్‌పట్టీ (అమ్మకం చీటీ) రాసి డబ్బు ఇప్పిస్తాడు. దానికి కమిషన్ తీసుకుంటాడు. పైకి కనబడేది ఇంతే. రైతును, దుకాణాన్ని కట్టి ఉంచేది మాత్రం అడ్వాన్సు. నారు పోసేటప్పుడు కొంత, ఎరువులకు కొంత, కాయ ఏరే కూలీలకు కొంత. పంట మన దుకాణానికే వస్తుందన్న నమ్మకం మీద ఇచ్చే డబ్బు అది. తాలు కాయ (రంగు పోయిన నాసి కాయ) ఎక్కువైన ఏడు, ధర పడిపోయిన ఏడు ఆ డబ్బు వెనక్కి రాదు. ఆయనకు వరుసగా రెండేళ్లు అలాగే ఇరుక్కుపోయింది.

ఆయన కోరుకున్నది చాలా చిన్నది. "మనిషికి ఇంత అని హద్దు పెట్టుకోవాలె. అది దాటొద్దు." రాత్రి పుస్తకంలో హద్దు రాసుకునేవాడు. పొద్దున పది దాటకముందే అది పోయేది.

మొదటి కూర్చోవడంలో (సెషన్‌లో) నేను ముందుగా అడిగింది వ్యాపారం గురించి కాదు. నిద్ర ఎట్లా ఉంది, అన్నం సయిస్తున్నదా, బతకడం దండగ అనిపించిన రోజులున్నాయా అని. వారాల తరబడి నిద్ర లేక, దేని మీదా ఆశ లేని మనిషికి నా ప్రశ్నలు గానీ, తన పుస్తకం గానీ మందు కావు. అలాంటివాళ్లకు నేను మానసిక వైద్యుల దగ్గరికి, లేదా 14416 టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరుకు దారి చూపిస్తాను. ఈయనకు ఆ అవసరం కనబడలేదు. నిద్ర తక్కువే గానీ సీజన్ ముందర ఆ మార్కెట్‌లో ఎవరికీ ఎక్కువ ఉండదు.

పుస్తకం ఇచ్చింది, ఇవ్వనిది

ఆయన రోజూ రాసుకునే ప్రశ్నలు నాలుగు. ఈ రోజు ఏమనుకున్న? ఏమైంది? ఎందుకైంది? రేపేం జేస్త?

ఫోన్లో చూసిన ఏదో వీడియో నుంచి తీసుకున్నానన్నాడు. ఆ వరస నాకు పరిచయమే. గమ్యం, ఇప్పటి వాస్తవం, ఉన్న దారులు, చేయబోయే పని అనే నాలుగు మెట్ల పద్ధతిని జాన్ విట్‌మోర్ 1992లో పుస్తకంగా రాసి ప్రచారంలోకి తెచ్చాడు. మా వృత్తిలో అడుగుపెట్టిన చాలామంది మొదట నేర్చుకునేది అదే. ఈయన దాకా వచ్చేసరికి మూడో మెట్టు మారిపోయింది. 'ఏయే దారులున్నాయి' అని ఉండాల్సిన చోట 'ఎందుకైంది' వచ్చి కూర్చుంది. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ పదకొండు నెలలు ఆయన్ను తిప్పింది అదే.

అయితే ఆ పుస్తకాలు ఊరికే పోలేదు. రాయడం మొదలుపెట్టిన రెండు నెలలకే హమాలీల మీద అరవడం మానేశాడు. జెండా పాట (రోజు ధర తేల్చే వేలం) జరిగేటప్పుడు ఫోన్ ఎత్తితే మాటలు తప్పుతున్నానని తనే పట్టుకున్నాడు, ఎత్తడం ఆపేశాడు. ఆకలి మీద ఉన్నప్పుడు ఎవరేమడిగినా సరేనంటున్నానని గమనించి, ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఇవి మామూలు సంగతులు కావు. ఇదే మార్పు కోసం నాకు ఫీజు కట్టిన మనుషులున్నారు. ఈయనకు ఒక పెన్ను ఖర్చయింది, అంతే.

అడ్వాన్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుస్తకం నోరు మూసుకుంది. 'ఎందుకైంది' కింద ఏం రాశాడో లెక్కపెట్టి తెమ్మన్నాను. ఆయన లెక్కల మనిషి, ఒక్క రాత్రిలో లెక్కపెట్టాడు. 'నాకు పట్టుదల లేదు' అనే మాట, లేదా దాని అన్నదమ్ముల్లాంటి మాట, మూడు పుస్తకాల్లో 64 చోట్ల ఉంది.

తన గురించి తాను ఎక్కువ ఆలోచించడం వేరు, తన గురించి తనకు ఏదో తెలిసిరావడం వేరు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో కోచింగ్ మనస్తత్వ శాస్త్రం బోధించిన ఆంథోనీ గ్రాంట్, సహచరులతో కలిసి 2002లో ఈ రెంటినీ విడివిడిగా కొలిచే ప్రశ్నావళి తయారుచేశాడు. 2003లో ఆయన అచ్చు వేసిన ఒక చిన్న అధ్యయనంలో, కోచింగ్ పూర్తయ్యేసరికి మనుషుల్లో స్వీయ పరిశీలన తగ్గింది, తెలివిడి పెరిగింది. మొదటిసారి చదివినప్పుడు అదేదో తలకిందులు లెక్కలా అనిపించింది నాకు. ఈ 64 చూశాక అర్థమైంది. గానుగెద్దు ఎన్ని గంటలు నడిచినా ఊరు దాటదు.

ఫోన్ నాలుగుసార్లు మోగింది

రెండో కూర్చోవడం నాటి సంగతి. గంటంబావులో ఆయన ఫోన్ నాలుగుసార్లు మోగింది. ప్రతిసారీ తీసి, "ఆఁ కాకా... సరే కాకా... మీ ఇష్టం కాకా" అని పెట్టేశాడు. నాలుగోసారి తర్వాత అడిగాను.

"ఎవరండీ?"

"ఏం లేదు మేడం, మా గుమస్తా. బాపు ఉన్నప్పటి సంది ఉన్నడు. దుకాణంల నా పక్కనే కూసుంటడు. ఖాతా సంగతి అడుగుతున్నడు."

"ఇప్పుడేం అడిగాడు?"

"ఒకాయనకు ఏరుడు కూలీలకు డబ్బులు గావాలెనట. ఇయ్యాల్నా అని."

"మీరేమన్నారు?"

ఆయన జవాబు చెప్పలేదు. నేను మూడు పుస్తకాలు ఆయన వైపు జరిపాను. "ఈ కాక మీ పుస్తకంలో ఏ పేజీలో ఉన్నాడు?"

తిరగేశాడు. పది నిమిషాలు పట్టింది. నేను మాట్లాడలేదు. మూడు పుస్తకాల్లో భార్య ఉంది, తమ్ముడున్నాడు, హమాలీలున్నారు, కోల్డ్ స్టోరేజీ ఆయన ఉన్నాడు, బ్యాంకు మేనేజరున్నాడు. రోజుకు పది గంటలు మూరెడు దూరంలో కూర్చునే మనిషి ఒక్కసారి కూడా లేడు.

స్వయంగా ప్రశ్నించుకోవడానికీ, ఇంకో మనిషి ఎదురుగా కూర్చోవడానికీ ఉన్న తేడా నాకు ఆ పది నిమిషాల్లోనే ఉంది. రాసినదాన్ని ఎంత నిజాయితీగానైనా మళ్లీ చదువుకోవచ్చు, రాయనిదాన్ని చదువుకోలేం. ప్రశ్న అడిగేదీ, జవాబు చెప్పేదీ ఒకే మనిషి అయినప్పుడు, చెప్పడానికి ఇష్టం లేని జవాబు దగ్గరికి ఆ ప్రశ్నే పోదు. ఇందులో మోసమేమీ లేదు. ఆయన కాకను దాచిపెట్టలేదు. కాక ఆయనకు దుకాణం గోడ లాంటివాడు. గోడ గురించి ఎవరు రాస్తారు?

నేనేదో తెలివిగా పట్టుకున్నానని అనుకోవద్దు. ఫోన్ మోగింది, నేను విన్నాను. బయటి మనిషి చెవి చేసింది ఆ మాత్రమే. ఆ చెవి మార్కెట్‌లో ఆయనకు దొరకదు. పక్క దుకాణం వాళ్లు స్నేహితులే, కానీ అదే రైతు కోసం పోటీ పడేవాళ్లు. ఇంట్లో చెబితే అది దుకాణం మాట కాకుండా కుటుంబం మాట అవుతుంది.

నా తప్పు

ఇక్కడి నుంచి నేను నేరుగా నడిపించి ఉంటే ఇది బాగున్న కథయ్యేది. అలా జరగలేదు.

ఫిబ్రవరి మొదట్లో, నాలుగో కూర్చోవడంలో, నాకు తొందర పుట్టింది. మిర్చి జోరుగా వస్తున్న సమయం. రోజూ అడ్వాన్సు పోతోంది. విషయం దొరికింది కదా, ఇక పని జరగాలి అనిపించింది. "కాకతో ఎప్పుడు మాట్లాడతారు?" అని అడిగాను. అది ప్రశ్న రూపంలో ఉన్న ఆదేశం. మాట్లాడాలా వద్దా అన్నది ఆయన ఇంకా తేల్చుకోలేదు. నేనే తేల్చేసి, తేదీ మాత్రం ఆయన నోటితో చెప్పించాను. గురువారం అన్నాడు.

గురువారం పొద్దున, యార్డు నిండా బస్తాలున్నప్పుడు, హమాలీలు, తూకం వేసే దడ్వాయిలు, ఇద్దరు ముగ్గురు రైతులు చుట్టూ ఉండగా, "కాకా, ఇగ నుంచి నన్ను అడగకుంట ఎవ్వరికీ పైసలియ్యొద్దు" అన్నాడు. ముసలాయన ఏమీ అనలేదు. పుస్తకం మూసి, కళ్లజోడు డబ్బాలో పెట్టుకుని, బస్సెక్కి ఇంటికి పోయాడు. నాలుగు రోజులు రాలేదు. ఏ రైతుకు ఎంత బాకీ ఉందో సగం ఆయన తలలోనే ఉంటుంది. సీజన్ నడిమిట్ల దుకాణం ఆగమైంది.

ఆ రాత్రి పుస్తకంలో ఈయన రాసింది నాకు తర్వాత చూపించాడు. 'ఎందుకైంది' కింద ఒక్క ముక్క: 'మేడం అన్నది కదా అని చేసిన.'

పదకొండు నెలల పుస్తకాల్లో ఎక్కడా వేరేవాళ్ల మీద పెట్టి రాయని మనిషి, నా దగ్గరికి వచ్చిన రెండు నెలలకు తన నిర్ణయాన్ని నా చేతిలో పెట్టేశాడు. పుస్తకంతో ఈ ప్రమాదం లేదు. కోచ్‌తో ఉంది. కోచ్ మంచివాడైతే ఇంకా ఎక్కువ ఉంటుంది, ఎందుకంటే నమ్మకం ఎక్కువ కాబట్టి. ఇది చదివే కోచ్‌లు ఎవరైనా ఉంటే ఈ పేరా దగ్గర ఒక్క నిమిషం ఆగమని అడుగుతున్నాను.

తర్వాతి కూర్చోవడంలో ఆయనకు క్షమాపణ చెప్పాను. తేదీ నాదని, తొందర నాదని ఒప్పుకున్నాను. "మీదొక్కదానిదే కాదు మేడం" అన్నాడు. అది ఆయన మర్యాద.

సేటు ఎవరు?

ఆ తర్వాత నేను ఆయన్ను పనులేమీ అడగలేదు. పుస్తకంలో రెండు మార్పులు మాత్రం చేసి చూడమన్నాను. 'ఎందుకైంది' తీసేసి 'అప్పుడు ఎవరెవరున్నారు, ఎవరేమన్నారు' అని పెట్టడం ఒకటి. తన గురించి 'నేను' అని కాకుండా, బయటివాళ్లు పిలిచే పేరుతో రాయడం రెండోది. మనిషి తన పేరుతో తనను సంబోధించుకుంటే కొంచెం దూరం నుంచి చూసుకోగలుగుతాడని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈథన్ క్రాస్, ఆయన సహచరులు 2014లో చూపించారు. ఒత్తిడి ఉన్న వేళ 'నేను' అనుకున్నవాళ్లకంటే పేరుతో అనుకున్నవాళ్లు తమను తాము మెరుగ్గా సంబాళించుకున్నారు.

"మార్కెట్‌లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు?"

"సేటు అంటరు మేడం, అందర్నీ అట్లనే అంటరు."

"అయితే సేటు అని రాయండి. సేటు ఇవ్వాళ ఏమనుకున్నాడు, ఏం చేశాడు."

మూడు వారాల తర్వాత వచ్చాడు. బల్ల మీద పుస్తకం పెట్టలేదు, ఒళ్లోనే పట్టుకుని కూర్చున్నాడు.

"రాయలేకపోయిన మేడం. సేటు అని రాస్తే నేను గుర్తుకు రాలే. బాపు గుర్తుకొచ్చిండు. రెండు రోజులు బాపు గురించే రాసిన. మూడో రోజు కూసున్న కుర్చీ సూసుకున్న. అదీ బాపుదే. నేను దాంట్ల కూసుంటున్న గని, దుకాణం నడిపేది బాపే. కాక నా మాట ఇనక గాదు. కాక ఇంకా బాపు మాటనే ఇంటున్నడు. నేనూ అంతే."

ఇది నా గదిలో జరగలేదు. రాత్రి పదకొండు గంటలకు, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఒక్కడే ఉన్నప్పుడు జరిగింది. నేను ఎదురుగా ఉంటే జరిగేది కాదని నాకు గట్టి నమ్మకం. చచ్చిపోయిన తండ్రి గురించి మార్కెట్ మనిషి ఒక పరాయి ఆడమనిషి ముందు అంత తొందరగా మాట్లాడడు. ఏడ్చాడట కూడా. అది చెప్పి నవ్వాడు.

చూపించాల్సింది చూపించాక కోచ్ గది బయటికి పోవాలి. ఆ తర్వాతి పని పుస్తకానిదే. ఇది నేను ఈ కేసులో నేర్చుకున్న రెండో సంగతి.

కాక ఇంట్లో

మార్చి చివర, ఒక ఆదివారం, ఆయన పరకాల దారిలో ఉన్న కాక ఊరికి పోయాడు. ఎవరూ పొమ్మనలేదు. నాకు ముందు చెప్పలేదు కూడా. పోయేముందు పుస్తకంలో తన కోసం కాదు, కాక కోసం ఒక ప్రశ్న రాసుకున్నాడు. నన్నడిగితే ఈ కేసు మొత్తంలో అంతకు మించిన ప్రశ్న లేదు.

"కాకా, బాపు ఉంటే ఈ ఏడు ఎవరికిచ్చేటోడు, ఎవరికి ఇయ్యకపోయేటోడు?"

ముసలాయన చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత రైతుల పేర్లున్న కాగితం తెమ్మన్నాడు. ముప్పై ఏడు పేర్లలో తొమ్మిదింటిని ఆయనే కొట్టేశాడు. ఒక్కో పేరు దగ్గర కారణం చెప్పాడు. ఈయన మూడేళ్లుగా తలపగలగొట్టుకుంటున్న లెక్క కాకకు ముందే తెలుసు. తండ్రి పోయాక ఎవరూ ఆయన్ను అడగలేదు. అడగకపోతే పాత ఆజ్ఞే అమలు అనుకుని, వచ్చినవాళ్లకల్లా ఇచ్చుకుంటూ పోయాడు. "నీకు ఇష్టం లేదని నాకెట్ల దెలుస్తది బిడ్డా, నువ్వు సరే కాకా అంటివి గద" అన్నాడట.

ఎవరికి ఏది

నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇప్పుడు ఒక మాట ముందే చెబుతున్నాను. మూడు వారాలు మీరే రాసుకోండి, ఆ తర్వాత రండి. కొందరు మళ్లీ రారు. వాళ్లకు నా అవసరం లేదని అర్థం, అది నాకు సంతోషమే. నిద్ర, మాట తీరు, సమయం, కోపం లాంటివాటిలో, మార్చాల్సింది మీ ఒక్కరి చేతిలోనే ఉండి, దాన్ని చూడటానికి మీకు భయం లేకపోతే, పుస్తకం చాలు. ఒకే జవాబు అవే మాటల్లో మూడుసార్లు వచ్చిందంటే మాత్రం పుస్తకాన్ని ఎవరికైనా చదివి వినిపించండి. కోచే కానక్కర్లేదు. మీ నిర్ణయంలో లాభనష్టాలు లేని మనిషి, సలహా చెప్పకుండా వినగల మనిషి అయితే చాలు. అలాంటి మనిషి దొరకడం కష్టం కాబట్టే మా వృత్తి ఉంది.

మొదలుపెట్టిన పని వాయిదా పడకుండా పూర్తి చేయడంలో ఒంటరి అభ్యాసం ఎంత పనికొస్తుందో ఆస్ట్రియా, జర్మనీ పరిశోధకులు 2016లో పోల్చి చూశారు. ఒకరితో ఒకరు కూర్చునే కోచింగ్, బృందంగా శిక్షణ, కాగితాలిచ్చి ఎవరికి వారే చేసుకోమనడం, ఈ మూడూ. ఎవరికి వారే చేసుకున్నవాళ్లు లక్ష్యం చేరడంలో వెనకబడ్డారు. ఆ ఫలితంతో నాకు పేచీ లేదు. కానీ అక్కడ ఒంటరిగా చేసినవాళ్లకు మధ్యలో కోచ్ తగలలేదు. ఈయనకు తగిలింది, అదీ మొత్తం ఎనిమిదిసార్లు. అందులో నిజంగా పనికొచ్చినవి నా లెక్కలో మూడు. రెండోది, క్షమాపణ చెప్పినది, సేటు అని రాయమన్నది. మిగతావాటిలో ఆయన పుస్తకం చేయగల పనినే నేను చేశాను, డబ్బు తీసుకుని. అందుకే ఇప్పుడు మొదటి నాలుగు కూర్చోవడాలు అయ్యాక ఆపి, ఇంకా కావాలా అని ఇద్దరం కలిసి చూసుకుంటున్నాం.

మే చివరలో ఆఖరిసారి కలిశాం. జూన్‌లో కొత్త పంటకు అడ్వాన్సులు మొదలయ్యాయి. నెలాఖరున ఆయన ఫోన్ చేశాడు. ఇప్పుడు రోజూ రాయడం లేదు, ఆదివారం ఆదివారం రాస్తున్నాడు. నాలుగో పుస్తకం నడుస్తోంది. హద్దు ఇద్దరి దగ్గర దాటింది.

"ఎందుకు దాటింది?" అని నోటి దాకా వచ్చి ఆపుకున్నాను. "అప్పుడు ఎవరెవరున్నారు?" అని అడిగాను.

"నేనూ కాకా ఉన్నం మేడం. ఒకాయన బిడ్డ పెండ్లి, ఇంకొకాయనకు బోరు ఎండింది. ఇద్దరం అనుకునే ఇచ్చినం. పుస్తకంల కాక సంతకం గూడ వెట్టించిన."